టీమ్‌ను లోపలి ఉత్సాహంతో నడిపించడం: శ్రీకాకుళం, విజయనగరం సూపర్‌వైజర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

జీడిపప్పు యూనిట్లు, జనపనార మిల్లులు, నర్సింగ్ హోంలు, ఫార్మా ప్లాంట్లు, ప్రైవేటు స్కూళ్లు, మహిళా సంఘాల కుట్టు కేంద్రాలు. పదిమంది చేత పని చేయించే బాధ్యత మీద పడ్డవాళ్లు మా శిక్షణ తరగతుల్లో పదే పదే అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి సమాధానం పొడుగ్గా ఉంటుంది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు. వరసగా చదవక్కర్లేదు గానీ, జీతాల గురించిన ప్రశ్నను మాత్రం దాటేయకండి. అది తేలకుండా మిగతావన్నీ గాలి మాటలే.

లోపలి ఉత్సాహం అంటే ఏమిటి? మా వాళ్లలో అది ఉందని ఎలా నమ్మమంటారు?

జాతరలో తప్పెటగుళ్లు ఆడేవాళ్లను చూడండి. గుండెల మీద రేకు పళ్లేలు, కాళ్లకు గజ్జెలు, రాత్రంతా గెంతులు. చేతికొచ్చే డబ్బు అంతంతమాత్రం. హాజరు పట్టీ పట్టుకుని ఎవరూ నిలబడరు. అడుగు తప్పినవాణ్ని పక్కవాడే కంటిసైగతో సరిచేస్తాడు. ఆ బృందంలోని కుర్రాడే మర్నాడు మీ యూనిట్‌లో గడియారం వంక చూస్తూ కూర్చుంటే, 'వీడికి పని మీద ధ్యాసే లేదు' అని తేల్చేస్తాం. ధ్యాస లేకేం, రాత్రి చూశాంగా. మీ దగ్గర అది బయటికి వచ్చే దారి దొరకలేదు, అంతే.

ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ రయాన్ అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 1970ల నుంచి ఇదే విషయం మీద పనిచేశారు. వాళ్లు చెప్పేది స్థూలంగా ఇది: మనిషి ఒక పనిని మనసు పెట్టి చేయాలంటే మూడు కుదరాలి. నా పనిలో నా మాటకు చోటుంది అనిపించాలి. నాకిది వచ్చు, ఇంకా బాగా వస్తోంది అనిపించాలి. నన్ను తమవాడిగా చూసేవాళ్ల మధ్య ఉన్నాను అనిపించాలి. తప్పెటగుళ్లలో ఈ మూడూ ఉన్నాయి. మీ షెడ్డులో ఏది లేదో వెతకడమే టీమ్ లీడర్ అసలు పని. ఉత్సాహాన్ని బయటి నుంచి తెచ్చి పోయనక్కర్లేదు, ఉన్నదాన్ని చంపకుండా ఉంటే సగం పని అయినట్టే.

జీతం పెంచకుండా ఉత్సాహం పెంచమంటారు. మాయమాటలతో పని లాగడం కాదా ఇది?

చాలాచోట్ల జరుగుతున్నది అదే, మీ అనుమానంలో తప్పులేదు. 'మనమంతా ఒకే కుటుంబం' అని మైకులో చెప్పి, ఓవర్‌టైమ్‌కి చట్ట ప్రకారం రావాల్సిన రెట్టింపు రేటు దగ్గరకొచ్చేసరికి ముఖం చాటేసే యజమానులు ఉన్నారు. కుటుంబం అన్న మాట వినగానే పనివాళ్లు జేబు తడుముకుంటున్నారంటే ఊరికే కాదు.

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్టు, ఆయన సహచరులు పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను కూర్చోబెట్టి, ఉద్యోగంలో బాగా సంతోషపడ్డ సందర్భం ఒకటి, బాగా విసిగిపోయిన సందర్భం ఒకటి చెప్పమన్నారు. 1959లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. విసుగు కథల్లో ఎక్కువగా వినిపించినవి కంపెనీ నిబంధనలు, పై అధికారి తీరు, జీతం, పని పరిస్థితులు. సంతోషం కథల్లో వినిపించినవి సాధించిన పని, దక్కిన గుర్తింపు, పనిలోని ఆసక్తి, చేతికొచ్చిన బాధ్యత. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే ఎదుటివాడి తప్పు అని చెప్పుకోవడం మనిషికి అలవాటే కదా అని తర్వాతి పరిశోధకులు ఈ పద్ధతిని తప్పుపట్టారు. ఆ విమర్శలో పస ఉంది. అయినా పని చేయించే ఎవరికైనా అనుభవంలో తెలిసేది ఒకటుంది. జీతం సరిగ్గా ఇచ్చినంత మాత్రాన పని మీద ప్రేమ పుట్టదు, జీతంలో తేడా వస్తే మాత్రం ఉన్న ప్రేమ కూడా పోతుంది.

కాబట్టి ముందు చూసుకోవాల్సినవి వేరు. జీతం ఏ తారీఖున పడుతోంది, ప్రతి నెలా అదే తారీఖా? పీఎఫ్ కింద కోసింది ఖాతాలో జమవుతోందా? ఆడవాళ్ల మరుగుదొడ్డికి గడియ పడుతోందా? మే నెలలో రేకుల షెడ్డు కింద ఫ్యాన్ తిరుగుతోందా? వీటిలో ఏ ఒక్కదానికి 'లేదు' అన్న జవాబు వచ్చినా, ఈ పేజీ పక్కన పెట్టి ఆ పని చూడండి.

ఇలాంటిదే ఒక చిన్న సంగతి. పలాస వైపు ఒక జీడి యూనిట్‌లో పీలింగ్ చేసే ఆడవాళ్లు రోజూ సాయంత్రం కాటా దగ్గర గొణుక్కునేవారు. "ఏటి బాబూ, మా సేతికి కిలో అనిపిత్తాది, నీ కాటాకి మాత్రం అనిపించదు" అని ఒకావిడ నవ్వుతూనే అనేది. కొత్తగా వచ్చిన సూపర్‌వైజర్ వాదన పెట్టుకోలేదు. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కిలో బాటు ఒకటి తెప్పించి, అందరూ చూస్తుండగా కాటా మీద పెట్టాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి 980 దగ్గర ఆగాయి. ఎవరూ ఏమీ అనలేదు. కాటా రిపేరు చేయించి, మళ్లీ ముద్ర వేయించి తెచ్చాడు. ఆ బాటును కాటా పక్కనే గూట్లో పెట్టి, "అనుమానం వస్తే ఎవరైనా వేసి చూసుకోండమ్మా" అన్నాడు. కొన్నాళ్లు అందరూ వేసి చూశారు, తర్వాత మానేశారు. పప్పు విరక్కుండా పొట్టు తీయాలంటే పిక్క ఎంత ఆరాలి అనే మాట వాళ్ల నోటి నుంచి మొదటిసారి వచ్చింది ఆ తర్వాతే. అంతకు ముందు ఎన్ని మీటింగులు పెట్టినా రాలేదు.

మరి బోనస్, ఇన్సెంటివ్ ఇవ్వడం తప్పా?

తప్పు కాదు. ఎలా ఇస్తున్నారు అన్నదాని మీద ఉంటుంది.

1973లో మార్క్ లెపర్ అనే సైకాలజిస్టు, ఆయన బృందం బొమ్మలు గీయడం ఇష్టమైన నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి 'గీస్తే సర్టిఫికెట్ ఇస్తాం' అని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, గీశాక ఇచ్చారు. కొందరికి అసలేమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత ఆ స్కెచ్ పెన్నులు మళ్లీ మామూలుగా బల్ల మీద పెడితే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లలో దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చినవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు. బహుమతి కన్నా బేరం ఎక్కువ చెడుపు చేసిందన్నమాట.

జరిమానాలదీ ఇదే దారి. ఇజ్రాయెల్‌లోని హైఫాలో శిశు సంరక్షణ కేంద్రాల నుంచి పిల్లల్ని ఆలస్యంగా తీసుకెళ్లే తల్లిదండ్రులకు జరిమానా పెట్టి చూశారు. 2000లో ఉరీ నీజీ, ఆల్డో రుస్టికినీ ప్రచురించిన పరిశోధన అది. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అంతకు ముందు టీచరమ్మ ముఖం చూడ్డానికి మొహమాటపడి పరిగెత్తుకొచ్చినవాళ్లు, ఇప్పుడు డబ్బు కడుతున్నాంగా అని నింపాదిగా వచ్చారు. జరిమానా ఎత్తేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు. ఆలస్యానికి సగం రోజు కూలీ కోసే మేనేజర్లు ఈ చివరి మాట ఇంకోసారి చదువుకోవాలి.

అలాగని జీడి యూనిట్లలో కిలో లెక్క కూలీ ఎత్తేయమని నేను చెప్పను. ఆ లెక్క మీద ఇళ్లు నడుస్తున్నాయి. కానీ బరువు ఒక్కదానికే డబ్బిస్తే వేగం పెరిగి, విరగని గుండు పప్పు కన్నా విరిగిన బద్ద ఎక్కువ పడుతుంది. గుండుకీ బద్దకీ మార్కెట్‌లో ధర తేడా ఎంతో పని చేసేవాళ్లకూ తెలుసు. ఆ తేడాలో వాళ్ల వాటా ఏమిటో ముందే కూర్చుని మాట్లాడుకుంటే సగం గొడవ తగ్గుతుంది. దసరాకు ఇచ్చే బోనస్‌కి మాత్రం కొత్త షరతులు తగిలించకండి. అది ఏడాది పొడవునా పని చేసినందుకు ఇచ్చేది, ఈ నెల టార్గెట్‌కి ఎర కాదు.

'ఎంప్లాయీ ఆఫ్ ద మంత్' ఫొటో పెట్టమంటారా?

వద్దు. ఒకరి ఫొటో గోడెక్కిన రోజు మిగతా పంతొమ్మిది మంది మొహాలు చూడండి, తెలుస్తుంది. నాలుగు నెలలు గడిచేసరికి ఎలాగూ వంతుల వారీగా ఇవ్వడం మొదలుపెడతారు. అప్పుడు ఫొటో దక్కినవాడు కూడా నవ్వుకుంటాడు.

పూర్తి స్వేచ్ఛ ఇస్తే పని సాగుతుందా? మా ఫార్మా ప్లాంట్‌లో అన్నీ రూల్సే, అక్కడ స్వేచ్ఛ ఎక్కడిది?

స్వేచ్ఛ ఇవ్వడం అంటే గాలికి వదిలేయడం కాదు. ఏం కావాలి, ఎప్పటికి కావాలి, ఏది దాటకూడదు, ఈ మూడూ మీరు చెప్పాలి. ఎలా చేయాలన్నది వీలైనంత వాళ్లకు వదలాలి. మన దగ్గర తిరగబడి ఉంటుంది. ఎలా చేయాలో వేలు పట్టి చెబుతాం, ఎందుకు చేయాలో మాత్రం ఎప్పుడూ చెప్పం.

పైడిభీమవరం వైపు ప్లాంట్లలో పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న తప్పకుండా అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. గౌను ఎలా వేసుకోవాలి, బ్యాచ్ రికార్డులో ఎప్పుడు సంతకం పెట్టాలి అన్నదాంట్లో ఎవరి ఇష్టమూ నడవదు, నడవకూడదు. అలాంటి చోట ఏం చేయాలో 1994లో డెసీ బృందం చేసిన ఒక ప్రయోగం దారి చూపిస్తుంది. బొత్తిగా విసుగు పుట్టించే పనిని కూడా మూడు పద్ధతులు మనసుకు ఎక్కిస్తాయని వాళ్లకు తేలింది: కారణం చెప్పడం, 'ఇది విసుగే, నాకూ తెలుసు' అని ఒప్పుకోవడం, గద్దించినట్టు కాకుండా ఎంచుకునే వీలున్నట్టు మాట్లాడటం.

ఉదాహరణకు, "టైమ్ అయ్యాక ఒకేసారి సంతకాలు పెట్టారంటే ఊరుకోను" అనడం ఒక పద్ధతి. "రేపు ఏ బ్యాచ్ మీదైనా ఫిర్యాదు వస్తే, ఆ గంటలో ఏం జరిగిందో చెప్పేది ఈ ఒక్క కాగితమే. గ్లవ్స్ తీసి మళ్లీ మళ్లీ రాయడం చిరాకే. ఏ అంచె దగ్గర రాస్తే మీకు తక్కువ ఇబ్బంది, చూసి చెప్పండి" అనడం ఇంకో పద్ధతి. రూలు ఒక్క అక్షరం మారలేదు. రెండో మాట విన్నవాడు రాత్రి షిఫ్టులో ఎవరూ చూడనప్పుడు కూడా టైముకి రాసే అవకాశం ఎక్కువ. ఇక షిఫ్టు మార్పులు, టీ విరామాలు, కొత్తవాడికి ఎవరు నేర్పాలి లాంటివి ఏ రూలు పుస్తకంలోనూ ఉండవు. అవి పూర్తిగా వాళ్లకే వదిలేయొచ్చు.

టీమ్‌లో సగం మంది నాకన్నా పెద్దవాళ్లు. పని చెప్పాలంటే మొహమాటం. ఏం చేయాలి?

మన జిల్లాల్లో ఇది మామూలే. డిప్లొమా పూర్తిచేసి ఇరవై మూడేళ్లకు సూపర్‌వైజర్ అవుతారు. కింద పనిచేసే అప్పలనాయుడు గారికి మీ నాన్న వయసుంటుంది. కుర్చీ వచ్చింది కదా అని పేరు పెట్టి పిలిచారో, ఆ రోజుతో మీ పని అయిపోయింది. 'బాబాయ్' అంటారా, 'అన్నా' అంటారా, 'మేస్త్రిగారూ' అంటారా, అక్కడి అలవాటును బట్టి పిలవండి. పిలుపులో తగ్గితే హోదా ఏమీ తగ్గదు.

అంతకన్నా ముఖ్యం, ఆయనకు తెలిసింది ఆయన్ని అడగడం. "బాబాయ్, ఈ మెషిన్ వానాకాలంలో ఎందుకు ఇలా మొరాయిస్తోంది?" అని అడిగితే, పదిహేనేళ్లుగా ఎవరూ అడగనందుకు ఆయన దగ్గరే ఉండిపోయిన సంగతులు బయటికొస్తాయి. అయితే అడిగి పక్కన పెట్టేయకండి. పనికొచ్చేది ఉంటే చేయండి, కుదరకపోతే ఎందుకు కుదరలేదో వెళ్లి చెప్పండి. మొక్కుబడిగా అడిగి మరిచిపోవడం కన్నా అడక్కపోవడమే నయం.

ఇక తప్పు జరిగినప్పుడు ఆయన్ని విడిగా పిలిచి, తలుపు దగ్గరకు వేసి, సూటిగా చెప్పండి. వయసుకు గౌరవం ఇవ్వడానికీ తప్పును చూసీ చూడనట్టు వదిలేయడానికీ సంబంధం లేదు.

మెచ్చుకోవడం ఎలా? రోజూ 'సూపర్', 'గుడ్ జాబ్' అంటూనే ఉన్నాను.

అందుకే ఎవరికీ ఎక్కడం లేదు. ఏం చేశారో చూశానని తెలిసేలా చెప్పాలి. "లక్ష్మమ్మా, నిన్న కాలరు కుట్టు ఒకసారి విప్పి మళ్లీ కుట్టావు కదా, ఆ బ్యాచ్‌లో ఒక్క పీసు కూడా వెనక్కి రాలేదు" అంటే, ఆవిడ విప్పింది మీరు గమనించారని ఆవిడకు తెలుస్తుంది. అంతకు మించి విశేషణాలు అక్కర్లేదు.

అందరి ముందు పొగిడితే అందరికీ ఇష్టం అనుకోకండి. కొంతమంది ఆడవాళ్లు సిగ్గుతో చచ్చిపోతారు, పక్కవాళ్లు ఆ తర్వాత వారం రోజులు ఎగతాళి చేస్తారు. ఎవరికి ఎలా చెప్పాలో కనిపెట్టడానికి కాస్త టైమ్ పడుతుంది.

'ఈ పని ఎవరైనా చేస్తారు, ఇందులో గొప్పేముంది' అనుకునేవాళ్లకు పని విలువ ఎలా తెలియజేయాలి?

చెప్పకండి, చూపించండి. మిషిగన్ యూనివర్సిటీలో స్కాలర్‌షిప్‌ల కోసం పూర్వ విద్యార్థులకు ఫోన్లు చేసి చందాలు అడిగే కాల్ సెంటర్ ఒకటి ఉండేది. రోజంతా తిట్లు తినే ఉద్యోగం. ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు ఆ ఉద్యోగుల్లో కొందరికి, వాళ్లు తెచ్చిన డబ్బుతో చదువుకుంటున్న ఒక విద్యార్థిని ఐదు నిమిషాలు పరిచయం చేశాడు. నెల తర్వాత చూస్తే వాళ్లు ఫోన్ మీద గడిపే సమయం, తెచ్చే చందాలు రెండూ రెట్టింపు దాటాయి. జీతం పైసా పెరగలేదు. 2007లో ప్రచురితమైన పరిశోధన ఇది.

మన దగ్గర ఇలాంటి ఐదు నిమిషాలకు కొదవ లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను పట్టి పీడిస్తోందో వేరే చెప్పక్కర్లేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి అక్కడి ఊళ్లకు నీళ్లు తెచ్చే పథకంలో వాల్వు తిప్పే మనిషికి తన ఉద్యోగం వాల్వు తిప్పడంగానే కనిపిస్తుంది. ఆ లైను చివరి ఊరికి ఒక పూట తీసుకెళ్లి, బిందెతో నిలబడ్డ ఆవిడతో మాట్లాడించండి. నీళ్లు ఒక గంట ఆలస్యమైతే ఆవిడ రోజు ఎలా తారుమారవుతుందో ఆవిడే చెబుతుంది. డయాలసిస్ సెంటర్‌లో మెషిన్లు కడిగేవాళ్లకు, స్కూలు వంటమ్మకు, బ్యాంకులో పాస్‌బుక్ ఎంట్రీలు వేసే కుర్రాడికి ఇదే పని చేయొచ్చు. ఒక హెచ్చరిక: దీన్ని ఫ్లెక్సీలతో, ఫొటోలతో కార్యక్రమంగా మార్చారంటే చెడిపోతుంది. ఎదుటి మనిషి కష్టం మీ ప్రచారానికి సరుకు కాకూడదు.

మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు. 'అంతా బాగానే ఉంది సార్' అంటారు.

అంతా బాగానే ఉంది అని వినిపించినప్పుడే భయపడాలి. ఎమీ ఎడ్మండ్సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పనిచేసింది. మంచి నర్సింగ్ టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయని ఊహించింది. లెక్క చూస్తే తలకిందులైంది, మంచి టీమ్‌లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తవ్వి చూస్తే తేలిందేమిటంటే, అక్కడ పొరపాట్లు ఎక్కువ జరగలేదు, భయపడకుండా చెప్పుకునేవాళ్లు ఎక్కువ ఉన్నారు. మిగతాచోట్ల దాచేశారు.

మీ దగ్గర నోళ్లు ఎందుకు మూతపడ్డాయో మీకే తెలియాలి. చెడు వార్త చెప్పిన చివరి మనిషికి ఏం జరిగింది? ఆ జవాబు టీమ్‌లో అందరికీ గుర్తుంటుంది. "ఏమైనా సమస్యలున్నాయా?" అని ఇరవై మందిని ఒకేసారి అడిగితే గోడకు చెప్పినట్టే. "ఈ వారం మీ పనికి ఎక్కువ అడ్డుపడింది ఏది?" అని ఒక్కొక్కరినీ వాళ్ల పని దగ్గరే అడగండి. మొదటి రెండు వారాలు ఏమీ రాదు. మూడో వారం ఎవరో ఒకరు చిన్నది చెబుతారు, ట్యూబ్‌లైట్ మిణుకుమిణుకుమంటోంది లాంటిది. అది ఆ రోజే మార్పించండి. వాళ్లు మిమ్మల్ని పరీక్షిస్తున్నారు.

ఒక మంచి మోటివేషనల్ స్పీకర్‌ను పిలిస్తే?

ఆ పూట చప్పట్లు కొడతారు, భోజనం బాగుంటే ఇంకొంచెం ఎక్కువ గుర్తుంటుంది. మాటలు కోటలు దాటినా మర్నాడు ఉదయం షెడ్డులో అదే మొండి కత్తెర, అదే ఇన్‌ఛార్జ్.

స్ఫూర్తి దగ్గరి నుంచి వచ్చినప్పుడే నిలుస్తుంది. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడ చిన్న ఊరు, వెయిట్‌లిఫ్టర్లకు పేరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో రజతం తెచ్చిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయే. అక్కడి పిల్లలకు వెయిట్‌లిఫ్టింగ్ అంటే టీవీలో కనిపించే వింత కాదు, పక్కింటి అక్క రోజూ చేసే పని. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరిదీ ఇదే తోవ. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో అక్కలు బరువులెత్తుతుంటే చూసి, కోచ్ నీలంశెట్టి అప్పన్న దగ్గర మొదలుపెట్టింది. 'నాలాంటిదే కదా, తను చేసింది' అనిపించడమే అక్కడ పనిచేసింది. కాబట్టి స్పీకర్‌కు ఇచ్చే డబ్బుతో, మీ టీమ్‌లో బాగా చేయి తిరిగిన మనిషికి రోజుకో గంట పని తగ్గించి, ఆ గంట కొత్తవాళ్లకు నేర్పమనండి.

ఇంకో మాట. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన తీరాన్ని ఊడ్చేసినప్పుడు కరెంటు స్తంభాలు వరసగా పడిపోయాయి. వేరే జిల్లాల నుంచి వచ్చిన లైన్‌మెన్ కూడా రాత్రింబవళ్లు పనిచేశారు. వాళ్లకు ఎవరూ మోటివేషన్ క్లాసు పెట్టలేదు. పని ఎందుకో కళ్లెదుట ఉంది, సామాన్లు చేతికందాయి. మామూలు రోజుల్లో ఆ రెండూ చూసుకోవడమే కష్టం.

వాట్సాప్ గ్రూప్‌లో హెచ్చరికలు పెట్టొచ్చా?

పేర్లతో పెట్టకండి. రాత్రి పదింటికి గ్రూప్‌లో పడ్డ చీవాటు ఆ మనిషి భార్యాపిల్లల ముందు పడ్డట్టే. గ్రూప్ సమాచారానికి, తిట్టాల్సి వస్తే ముఖాముఖి.

సంక్రాంతికి, సిరిమానుకి సగం మంది కనిపించరు. క్రమశిక్షణ ఎలా?

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాత మంగళవారం వస్తుందని విజయనగరంలో పసిపిల్లలకీ తెలుసు. ఏటా అది ఊహించని విపత్తులాగా మేనేజర్లు కంగారుపడటమే విచిత్రం. నెల ముందే కాగితం మీద ఎంతమంది తప్పనిసరిగా ఉండాలో రాసి, ఎవరు ఉండాలో వాళ్లనే తేల్చుకోమనండి. ఎవరింట్లో కొత్త అల్లుడు వస్తున్నాడో, ఎవరికి మొక్కు ఉందో మీకన్నా వాళ్లకే బాగా తెలుసు. నిరుడు ఉండిపోయినవాళ్లు ఈసారి వెళ్లేలా వాళ్లే చూసుకుంటారు. మీరు వేసిన పట్టీని ఎగ్గొట్టడం తేలిక, తోటివాళ్లతో ఒప్పుకున్నదాన్ని ఎగ్గొట్టడం కష్టం.

పని నేర్పితే విశాఖకో హైదరాబాద్‌కో వెళ్లిపోతున్నారు. ఎందుకు నేర్పాలి?

వెళ్తారు. శ్రీకాకుళం నుంచి వలస ఈ రోజు మొదలైంది కాదు, మీ యూనిట్ దాన్ని ఆపలేదు. నేర్పకపోతే మాత్రం తెలివైనవాళ్లు ముందు వెళ్తారు, మీ దగ్గర మిగిలేది ఎక్కడికీ వెళ్లలేనివాళ్లు. బాగా నేర్పే చోటని పేరొస్తే కొత్తవాళ్లు వెతుక్కుంటూ వస్తారు. వెళ్లినవాళ్లలో కొందరు అమ్మానాన్నల కోసం తిరిగొస్తారు. వాళ్లు వెళ్లిన రోజు మీరు ఎలా సాగనంపారో అప్పుడు లెక్కకొస్తుంది.

ఏం చేసినా కదలని మనిషి ఉంటే?

ముందు ఆరోగ్యం, అప్పులు, ఇంటి సంగతి కనుక్కోండి. రెండోది, పని సరిపోలేదేమో చూడండి. లెక్కలు చూడలేనివాడు స్టోర్‌లో చచ్చిపోతుంటాడు, లోడింగ్ దగ్గర పెడితే అందరినీ నవ్విస్తూ పని లాగేస్తాడు. ఇవేవీ కాకపోతే ఒప్పుకోవాల్సిన నిజం ఒకటుంది. కొందరికి ఈ ఉద్యోగం జీతం కోసమే. వాళ్ల మనసు పొలం మీదో, పిల్లల చదువు మీదో ఉంటుంది. చెప్పిన పని చెప్పినట్టు చేసి వెళ్తుంటే అది నేరం కాదు, వాళ్లను వదిలేయండి. అది కూడా చేయకుండా పక్కవాళ్ల మీద భారం వేస్తుంటే మాత్రం స్పష్టంగా చెప్పి, గడువిచ్చి, మారకపోతే పంపేయాలి. ఉత్సాహం పేరు చెప్పి ఈ పని వాయిదా వేస్తే, ఆ భారం మోస్తున్నవాళ్ల ఉత్సాహం చస్తుంది.

ఫలితం వస్తోందని ఎలా తెలుస్తుంది?

థెరిసా అమాబిలే అనే పరిశోధకురాలి బృందం ఏడు కంపెనీల్లో 238 మంది చేత రోజువారీ డైరీ రాయించి, దాదాపు 12,000 రోజుల రాతలు చదివింది. మనుషులు ఉత్సాహంగా ఉన్న రోజుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన సంగతి, చేస్తున్న పని ఎంతో కొంత ముందుకు జరగడం. అందుకని సర్వే ఫారాలు పంచక్కర్లేదు. సాయంత్రం వెళ్లేటప్పుడు 'ఇవాళ ఏం తెగింది, ఏం ఆగింది' అని అడిగి రాసుకోండి. ఆగిన వాటిలో మీ వల్ల ఆగినవి ఎన్నో చూడండి. సంతకం కోసం, దారం కోసం, స్టోర్ తాళం కోసం ఆగిన పనులే ఎక్కువ ఉంటాయి. చెడు వార్తలు మీకు ముందుగా తెలుస్తున్నాయంటే, మీరు లేని రోజు కూడా పని మామూలుగా సాగుతోందంటే, దారిలో పడ్డట్టే.

నేను మధ్యలో ఉన్నవాణ్ని. యజమాని ఇవన్నీ చాదస్తం అంటారు. నేనేం చేయగలను?

జీతాలు మీ చేతిలో ఉండవు. మీ నోటి మాట, షిఫ్టుల పట్టీ, పని నేర్పే తీరు, సామాను టైముకి అందించడం మీ చేతిలోనే ఉంటాయి. అక్కడ మొదలుపెట్టండి. మీద పడ్డ తిట్లను యథాతథంగా కిందికి దించకపోవడం కూడా మీ చేతిలోనిదే.

యజమాని దగ్గర మాత్రం ఉత్సాహం, స్ఫూర్తి అన్న మాటలు ఎత్తకండి. పని మానేసిన ప్రతి మనిషి స్థానంలో కొత్తవాళ్లు వచ్చి చేయి తిరిగేదాకా ఎంత బద్ద పడింది, ఎన్ని పీసులు వెనక్కి వచ్చాయి, ఎన్ని ఆర్డర్లు ఆలస్యమయ్యాయి, రూపాయల్లో లెక్క కట్టి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఆ కాగితం ఇచ్చే రోజు కూడా చూసుకోవాలి. బోనస్ లెక్కలు తేలని వారంలో వద్దు. లోడు వెళ్లిపోయి, డబ్బు చేతికొచ్చిన మర్నాడు టీ టైములో ఇవ్వండి.